మీకు తెలుసా? సూపర్‌మ్యాన్‌కి మొదట్లో ఎగరడం రాదు

కొత్త సూపర్‌హీరో సినిమా ట్రైలర్ వచ్చిన గంటలోపే అభిమానుల పంచాయితీ మొదలవుతుంది. డ్రెస్సు రంగు మార్చారు, విలన్ కథ తిరగరాశారు, హీరో మరీ పొడుగైపోయాడు... ఫిర్యాదులన్నీ తిరిగి తిరిగి ఒక్క మాట దగ్గర ఆగుతాయి: కామిక్‌లో ఇలా లేదు. ఆ మాట అనేవాళ్లంటే నాకు గౌరవం. ఇష్టపడి కొని, దాచుకుని, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఆ బాధ కలుగుతుంది. అయితే కామిక్‌లో అసలేముందో చూద్దామని పాత సంచికల్లోకి వెళ్తే ఆశ్చర్యపోయే సంగతులు కనిపిస్తాయి. మనం మూలం అని నమ్ముతున్నవాటిలో కొన్ని పుట్టింది కామిక్స్‌లో కాదు.

● సూపర్‌మ్యాన్ 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికతో జనంలోకి వచ్చాడు. అప్పుడతనికి ఎగరడం రాదు. గెంతేవాడు, అంతే. ఒక్క గెంతుకి ఫర్లాంగు దూరం, ఇరవై అంతస్తుల మేడ అవతలికి. 1940లో మొదలైన రేడియో నాటకంలో ఎగరడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఫ్లైషర్ సోదరులు అతని కార్టూన్లు తీస్తున్నప్పుడు, మిడతలా గెంతుతూ వెళ్లే వీరుడు తెర మీద నప్పలేదు. అక్కడా ఎగిరించారు. ఆ తర్వాత కామిక్స్ కూడా అదే దారి పట్టాయి.

ఇక్కడితో అయిపోలేదు. అతన్ని నీరసపరిచే ఆ ఆకుపచ్చ రాయి, క్రిప్టోనైట్, 1943లో రేడియోలో పుట్టింది. కామిక్ పుటల్లోకి రావడానికి 1949 దాకా పట్టింది. పత్రికాఫీసులో గద్దించే సంపాదకుడు పెర్రీ వైట్, కుర్ర ఉద్యోగి జిమ్మీ ఓల్సెన్ అన్న పేర్లు కూడా ముందు రేడియో శ్రోతలకే తెలుసు. టెలిఫోన్ బూత్‌లో దూరి బట్టలు మార్చుకోవడం 1941 నాటి కార్టూన్‌లో కనిపిస్తుంది. ఛాతీ మీది ఆ గుర్తు క్రిప్టాన్ గ్రహంలో అతని వంశ చిహ్నం అన్న ఊహను జనానికి అలవాటు చేసింది 1978 నాటి రిచర్డ్ డానర్ సినిమా. అందులో తండ్రి జోర్-ఎల్‌గా వేసిన మార్లన్ బ్రాండో ఛాతీ మీద కూడా అదే గుర్తుంటుంది. ఇవన్నీ తీసేసి 'అసలు' సూపర్‌మ్యాన్‌నే చూపించమంటే, ఇవాళ ఏ అభిమానీ అతన్ని గుర్తుపట్టడు.

● బ్యాట్‌మ్యాన్ ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్ అనగానే సన్నగా, నిటారుగా, చిన్న మీసంతో ఒక పెద్దమనిషి కళ్లముందు నిలబడతాడు. 1943లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు ఆయన బొద్దుగా, మీసం లేకుండా, చూస్తే నవ్వొచ్చే మనిషి. అదే ఏడాది కొలంబియా సంస్థ తీసిన సినిమా సీరియల్‌లో ఆ వేషం విలియం ఆస్టిన్ అనే సన్నపాటి నటుడికి దక్కింది, ఆయనకు మీసముంది. కామిక్స్ వాళ్లు ఏం చేశారంటే, 1944 జనవరి సంచికలో ఆల్‌ఫ్రెడ్‌ని ఆరోగ్యం కోసమని ఒక విడిదికి పంపి, ఒళ్లు తగ్గించి, మీసంతో ఇంటికి తీసుకొచ్చారు! నటుడి పోలిక కోసం మూలమే ఆహార నియమం పాటించిందన్నమాట. గబ్బిలాల గుహ స్థావరం కూడా ఆ సీరియల్ ఇచ్చిందే.

● హార్లీ క్విన్‌కి కామిక్స్‌లో పుట్టిల్లు లేదు. 1992లో బ్యాట్‌మ్యాన్ టీవీ కార్టూన్‌లో జోకర్ పక్కన నిలబడటానికి ఒక పిల్ల కావాలని పాల్ డీనీ, బ్రూస్ టిమ్ సృష్టించారు. తర్వాత ఆమె పేరుతో సినిమా కూడా వచ్చింది.

అదే కార్టూన్ చేసిన ఇంకో పని నాకు అంతకంటే ఇష్టం. మిస్టర్ ఫ్రీజ్ అనే విలన్ 1959 నుంచి కామిక్స్‌లో ఉన్నాడు, మొదటి పేరు మిస్టర్ జీరో. మంచు తుపాకీతో దోపిడీలు చేసే మామూలు దొంగ. పాల్ డీనీ రాసిన ఒక ఎపిసోడ్‌లో అతనికి నోరా అనే భార్య వచ్చింది. మందు లేని జబ్బు ఆమెది. వైద్యం దొరికేదాకా బతికించుకోవాలని ఆమెను గడ్డకట్టించి దాచుకున్న శాస్త్రవేత్త అతను. ఆ ప్రయోగాన్ని యజమాని ఆపించడంతో జరిగిన ప్రమాదంలో అతని ఒంట్లో వెచ్చదనం పోయింది. ఇరవై నిమిషాల పిల్లల కార్టూన్ అది. మూడు దశాబ్దాలుగా కామిక్స్‌లో నలుగుతున్న పాత్రకు గుండెకాయ అమర్చింది. తర్వాత కామిక్స్ కూడా అదే కథను సొంతం చేసుకున్నాయి. మూలానికి కట్టుబడి ఉండి ఉంటే మనకు మిగిలేది ఆ మంచు తుపాకీ ఒక్కటే.

● నిక్ ఫ్యూరీ 1963లో పుట్టినప్పుడు తెల్లజాతి సార్జెంటు, రెండో ప్రపంచ యుద్ధపు కథల మనిషి. 2002లో మార్వెల్ 'అల్టిమేట్స్' అనే కొత్త వరసలో రచయిత మార్క్ మిల్లర్, చిత్రకారుడు బ్రయన్ హిచ్ అతన్ని అచ్చం శామ్యూల్ ఎల్. జాక్సన్‌లా గీశారు. ముందుగా ఆయన్ని అడగనే లేదు. 2008లో 'ఐరన్‌మ్యాన్' సినిమా టైటిల్స్ అన్నీ అయ్యాక చీకట్లోంచి ఒంటికన్నుతో నడిచొచ్చిన ఫ్యూరీ ఆ జాక్సనే. ఆ ముఖం జనంలో ఎంత స్థిరపడిందంటే, పాత వరస కామిక్స్‌లో కూడా ఫ్యూరీకి అలాంటి పోలికలున్న కొడుకు ఒకడు ఉన్నాడని కథ అల్లుకున్నారు. బొమ్మ నటుణ్ణి చూసి గీసుకున్నది, నటుడు ఆ బొమ్మ వేషం కట్టాడు, ఆ వేషం చూసి మళ్లీ కొత్త బొమ్మ గీశారు.

● గడి గడినీ పొల్లుపోకుండా తెరకెక్కిస్తే ఏమవుతుందో తెలియాలంటే 'వాచ్‌మెన్' చూడాలి. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ గీసిన ఈ కామిక్ 1986-87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. 2009లో జాక్ స్నైడర్ తీసిన సినిమాలో చాలా షాట్లు గిబ్బన్స్ గడులకు నకళ్లే. రక్తం చుక్క పడిన ఆ నవ్వుముఖం బిళ్ల దగ్గర్నుంచి కిటికీలోంచి మనిషిని విసిరేయడం దాకా కెమెరా కోణం కూడా పుస్తకంలోదే.

ఇప్పుడు ఆ పుస్తకం ఐదో సంచిక తెరవండి. పుటకు తొమ్మిది గడులు, మూడు వరసలు, వరసకు మూడు. ఈ సంచికలో మొదటి పుట చివరి పుటకి అద్దంలో ప్రతిబింబం. రెండోది చివర్నుంచి రెండోదానికి. గడుల పొందిక అలా రెండు వైపుల నుంచీ నడుచుకుంటూ వచ్చి సంచిక నడిమధ్య, ఎదురెదురు పుటల మీద కలుసుకుంటుంది. ఇది కనిపెట్టాలంటే పాఠకుడు చదవడం ఆపాలి, వెనక్కి తిప్పాలి, రెండు పుటలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నాలుగో సంచికలో డాక్టర్ మన్‌హాటన్‌కి గతం, వర్తమానం, భవిష్యత్తు ఒకేసారి కనిపిస్తుంటాయి. కామిక్ పుట చూస్తున్న పాఠకుడికీ అంతే, తొమ్మిది క్షణాలు ఒకేసారి కంటి ముందుంటాయి. సినిమా హాల్లో ఆ వీలేదీ? షాట్ వస్తుంది, పోతుంది. ఎంత నిజాయితీగా నకలు తీసినా ఆ పుస్తకం ప్రాణం పుటలోనే ఉండిపోయింది. స్నైడర్ శ్రద్ధను నేను తక్కువ చేయను, కానీ బొమ్మలన్నీ వచ్చి కథ ఆగిపోయిన సినిమా అది. ముఖానికి ముసుగేసుకుని వీధిలో పడే మనుషుల వెర్రిని, హింసను చూసి పాఠకుడు ఇబ్బంది పడాలని ఆ కామిక్ కోరుకుంది. సినిమాలో అవే కొట్లాటలు నెమ్మదిగా, ముచ్చటగా సాగుతాయి.

విచిత్రం ఏమంటే, అంత కట్టుబడిన సినిమా, కామిక్ ముగింపులో ఆ ప్రపంచం మీద పడే రాకాసి స్క్విడ్‌ని మాత్రం మార్చేసింది. పదేళ్ల తర్వాత, 2019లో, డేమన్ లిండెలాఫ్ తీసిన టీవీ సీరియల్ పుస్తకంలోని గడులకు నకళ్లు తీయలేదు. ఆ స్క్విడ్ నిజంగా పడిన ప్రపంచంలో ముప్పై ఏళ్లు గడిచాక ఏం జరుగుతుందో చెప్పింది. ఆ సీరియల్ అలన్ మూర్ పుస్తకానికి దగ్గరి చుట్టమని నాకనిపిస్తుంది. ఆయన మాత్రం సినిమాకీ, సీరియల్‌కీ దేనికీ తన పేరు వాడనివ్వలేదు.

● స్పైడర్‌మ్యాన్ మణికట్టులోంచి సాలెగూడు దానంతటదే వస్తుందా, లేక పరికరంలోంచి వస్తుందా? 2002లో శామ్ రైమీ సినిమాకి ముందు అభిమానులు దీని మీద పెద్ద యుద్ధమే చేశారు. 1962 నాటి కామిక్‌లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన పీటర్ పార్కర్ ఆ పరికరం తనే తయారు చేసుకుంటాడు. రైమీ దాన్ని తీసేసి, గూడు ఒంట్లోంచే వచ్చేలా చేశాడు. అభిమానుల బాధలో న్యాయముంది. ఆ పరికరం ఆ కుర్రాడి తెలివికి రుజువు. రెండేళ్లకే కామిక్స్ కూడా రైమీ పద్ధతికి మారాయి, కొన్నాళ్లకి మళ్లీ పరికరానికే తిరిగొచ్చాయి.

ఈ గొడవలో ఎక్కువమంది పట్టించుకోని మార్పు ఇంకొకటుంది. కామిక్‌లో పీటర్ టీవీ స్టూడియోలో ప్రదర్శన ముగించుకుని వస్తుంటాడు. దొంగ ఎదురుగా పరుగెత్తుకొస్తాడు, వెనకే పోలీసు. పీటర్ ఆపడు. తనకెందుకులే అన్న పొగరు, అంతే. ఆ దొంగే తర్వాత బెన్ చిన్నాన్నని చంపుతాడు. సినిమాలో ఏం చేశారో చూడండి. కుస్తీ గోదాలో మూడు నిమిషాలు నిలబడితే మూడు వేల డాలర్లన్నారు. పీటర్ రెండు నిమిషాల్లోనే గెలిచేశాడు. ఆ సాకు చెప్పి నిర్వాహకుడు వంద డాలర్లు చేతిలో పెట్టాడు. నీ అవసరంతో నాకేం పని అన్నట్టు మాట్లాడాడు. వెంటనే దొంగ వచ్చి ఆ నిర్వాహకుడి డబ్బే ఎత్తుకుపోతుంటే, పీటర్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు, అదే మాట తిప్పి కొట్టాడు. ఆ క్షణంలో హాల్లో కూర్చున్న మనం కూడా వాడికి బాగా అయిందనే అనుకుంటాం. తప్పులో మనకీ భాగం వచ్చింది. కాసేపట్లో చిన్నాన్న రోడ్డు మీద పడి ఉంటాడు.

నిర్వాహకుడి మోసం, మూడు వేల డాలర్లు, ఇవేవీ అక్షరాలా మూలంలో లేవు. కానీ మూలం చెప్పదలుచుకున్నది మూలం కంటే గట్టిగా చెప్పారు. చేయగలిగి కూడా చేయకపోవడం వల్ల ఒక ప్రాణం పోయింది, ఆ బరువే స్పైడర్‌మ్యాన్. కట్టుబడటం అంటే నా దృష్టిలో ఇదే. సాలెగూడు ఎక్కణ్నుంచి వచ్చినా ఫర్వాలేదు, ఈ బరువు తీసేస్తే మాత్రం అతను గోడలెక్కే కుర్రాడు మాత్రమే.

● బ్యాట్‌మ్యాన్ తుపాకీ పట్టడు, ప్రాణం తీయడు. మొదటి ఏడాది మాత్రం రెండూ చేశాడు. 1940 నాటి 'బ్యాట్‌మ్యాన్' మొదటి సంచికలో విమానంలోంచి మెషిన్‌గన్‌తో లారీని కాల్చాడు. సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఇక ఇలాంటివి వద్దన్నాడు. 2016 సినిమాలో బ్యాట్‌మ్యాన్ చంపినప్పుడు, పాత కామిక్స్‌లో ఉంది కదా అని కొందరు సమర్థించారు. నేను ఒప్పుకోలేను. కళ్లముందే తల్లిదండ్రుల్ని తుపాకీ గుండుకి పోగొట్టుకున్న పిల్లవాడు ఆ తుపాకీనే అసహ్యించుకున్నాడన్నది ఎనిమిది దశాబ్దాల రచయితలు కలిసి కట్టిన గోడ. మొదటి ఏడాది ఇంకా పునాది తవ్వుతున్నారు.

సూపర్‌మ్యాన్ సంగతి ఇంకా చిక్కు. 2013లో 'మ్యాన్ ఆఫ్ స్టీల్' చివర అతను జనరల్ జాడ్ మెడ విరిచేశాడు. కామిక్స్‌లో ఎన్నడూ ఇలా చేయలేదని గగ్గోలు పుట్టింది. నిజానికి 1988లో జాన్ బర్న్ కథలో సూపర్‌మ్యాన్ జాడ్‌నీ, అతని ఇద్దరు సహచరుల్నీ క్రిప్టోనైట్‌తో చంపాడు. కానీ ఆ తర్వాత ఏమైందన్నదే ముఖ్యం. ఆ పాపం అతన్ని నెలల తరబడి వెంటాడింది. తన మీద తనకే నమ్మకం పోయి భూమిని వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోయాడు. సినిమాలో ఒక్క అరుపు, ఒక్క కౌగిలి, తర్వాత సన్నివేశంలో హాస్యం. చంపడం కామిక్‌లో ఉంది. తెరకెక్కనిది ఆ కుమిలిపోవడం.

● మూలం మార్చి తీరవలసిన సందర్భాలూ ఉంటాయి. షాంగ్-చీ 1973లో పుట్టినప్పుడు అతని తండ్రి ఫు మాంచూ. చైనీయులందరినీ కుట్రదారులుగా చూపే పాత ఆంగ్ల నవలల విలన్ అతను. 2021 సినిమా ఆ పాత్రను పూర్తిగా పక్కనపెట్టి, భార్య పోయిన దుఃఖంలో దారి తప్పిన వెన్వూ అనే తండ్రిని తెచ్చింది. టోనీ లియుంగ్ కళ్లలో కనిపించే ఆ బెంగ ముందు పాత కామిక్ నిలవదు.

● థానోస్ చిటికె వేస్తే విశ్వంలో సగం ప్రాణులు మాయమవడం 1991 నాటి జిమ్ స్టార్లిన్ కామిక్‌లోదే. అక్కడ అతను మృత్యువు అనే స్త్రీ మనసు గెలవడానికి ఆ పని చేశాడు. 2018 సినిమాలో వనరులు చాలవన్న లెక్కతో చేశాడు. చిటికె అదే, మనిషి వేరు. నాకు రెండూ నచ్చాయి.

● కామిక్స్‌లో వుల్వరిన్ ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. హ్యూ జాక్‌మన్ ఆరడుగుల పైమాటే. 2000లో 'ఎక్స్-మెన్' సినిమా పసుపు డ్రెస్సుకి భయపడి అందరికీ నల్ల తోలు తొడిగింది. ఆ పసుపు డ్రెస్సు తెర మీద ముసుగుతో సహా కనిపించడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆ ఎత్తు గురించి అందరూ మాట్లాడటం దాదాపు మానేశారు.

● మనవాళ్లు 1980లోనే సూపర్‌మ్యాన్‌ని తెలుగులో తీశారు. వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు హీరో. అందులో శక్తులు వచ్చింది క్రిప్టాన్ గ్రహం నుంచి కాదు, హనుమంతుడి వరం వల్ల. మూలం గురించి ఎవరూ అడగలేదు. మనకది కొత్త కాదు కూడా. 1957 నాటి 'మాయాబజార్' కథకు ఆధారమైన శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో ఉండదు. అయినా అందులోని కృష్ణుడు కృష్ణుడే, ఘటోత్కచుడు ఘటోత్కచుడే. అందుకే మన తాతలు ఫిర్యాదు చేయలేదు.

● కమలా ఖాన్, అంటే మిస్ మార్వెల్, 2014లో సొంత కామిక్ అందుకున్న పాకిస్తానీ అమెరికన్ అమ్మాయి. చేతులు సాగదీయడం, ఒళ్లు పెంచడం ఆమె శక్తి. 2022 సీరియల్ దాన్ని వెలుగు స్ఫటికాలుగా మార్చింది, పుట్టుకనీ మార్చింది. మరుసటి ఏడాది కామిక్స్ ఆమెను చంపి, బతికించి, సీరియల్ చెప్పిన పుట్టుకకు దగ్గర చేశాయి. ఆ కొత్త కామిక్ రాసిన ఇద్దరిలో ఒకరు ఎవరో తెలుసా? తెర మీద కమలగా నటించిన ఇమాన్ వెల్లానీ.

● మూలానికి కట్టుబడటం గురించి ఇంత మాట్లాడుకునే మనం, మూలం రాసినవాళ్ల గురించి అందులో పదో వంతైనా మాట్లాడామా అన్నది నా బాధ. జెర్రీ సీగెల్, జో షుస్టర్ సూపర్‌మ్యాన్ హక్కుల్ని 1938లో 130 డాలర్లకి వదులుకున్నారు. 1970లలో డానర్ సినిమాకి సన్నాహాలు జరుగుతుంటే వాళ్లిద్దరూ డబ్బుకి ఇబ్బంది పడుతున్నారు. సీగెల్ పత్రికలకెక్కి గోడు చెప్పుకున్నాడు, నీల్ ఆడమ్స్ వంటి చిత్రకారులు వెంట నిలిచారు. 1975 చివర్లో ఏడాదికి ఇరవై వేల డాలర్ల పింఛను, సృష్టికర్తలుగా పేరు ఇవ్వడానికి హక్కులున్న సంస్థ ఒప్పుకుంది.

బ్యాట్‌మ్యాన్ సృష్టిలో పాలుపంచుకున్న బిల్ ఫింగర్‌కి ఆ మాత్రం కూడా దక్కలేదు. 1939లో బాబ్ కేన్ గీసుకొచ్చిన బ్యాట్‌మ్యాన్ ఎర్ర దుస్తుల్లో, కళ్లకు చిన్న గంతతో, భుజాలకు బిగుసుకున్న రెక్కలతో ఉన్నాడు. తలంతా కప్పే చెవుల ముసుగు పెట్టమన్నది ఫింగర్. రెక్కలు తీసి కేప్ వేయమన్నది, ఎర్ర రంగు మార్చమన్నది, చేతులకు గ్లవ్స్ తొడగమన్నది ఆయనే. బ్రూస్ వేన్, గోథమ్ అన్న పేర్లూ ఆయనవే. 1974లో చనిపోయేనాటికి ఎక్కడా సృష్టికర్తగా ఆయన పేరు లేదు. దర్శకుడు బర్టన్ తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమా 1989లో వచ్చింది, దర్శకుడు నోలన్ తీసిన మూడు సినిమాలు 2005 నుంచి 2012 దాకా వచ్చాయి. ప్రతి సినిమాకీ ఆ చెవుల పొడవు మీద, ఆ కేప్ నలుపు మీద అభిమానులు వాదించుకున్నారు. టైటిల్స్‌లో మాత్రం బాబ్ కేన్ ఒక్కడే. ఫింగర్ మనవరాలూ, మరికొందరూ పట్టువదలకుండా అడగ్గా 2015లో సంస్థ దిగొచ్చింది. 2016లో 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' టైటిల్స్‌లో కేన్ పక్కన ఫింగర్ పేరు తొలిసారి సినిమా తెర మీదకెక్కింది, పాత్ర పుట్టిన డెబ్భై ఏడేళ్లకి.